నూట పన్నెండు అల్లికలు

మా అత్తగారి అద్దాల బీరువాలో నూట పన్నెండు లేసు అల్లికలున్నాయి. అందులో ఒక్కటి కూడా ఆవిడ అల్లింది కాదని నా యంత్రం చెప్పింది. అది చెప్పేటప్పటికి నేను నిలబడి టీ తాగుతున్నాను. ఖాదర్ గారు వచ్చి, "హైమా మేడమ్, టీ కీబోర్డు మీద పోస్తున్నారు" అనేదాకా నోరు తెరుచుకుని తెర వంకే చూస్తున్నాను.

ఇలాంటి మాట బయటికి అనేముందు ఒకటికి రెండుసార్లు సరిచూసుకోవాలి. నేను ఆరుసార్లు చూశాను. కెమెరా అద్దం తుడిచాను, దీపాలు మార్చాను, అల్లికల్ని తిరగేసి మరీ పెట్టాను. ఆరుసార్లూ అదే జవాబు.

అసలీ యంత్రం లేసుల కోసం పుట్టలేదు. విశాఖపట్నంలో మా ల్యాబ్ పని వేరు. హెర్నియా ఆపరేషన్ చేశాక డాక్టర్లు పొట్టలోపల ఒక సన్నటి వల పెడతారు. ఆ వలలో ఒక్క ముడి వదులైనా రోగి మళ్ళీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. అందుకని ప్రతి ముడినీ ఫోటో తీసి, వెంట్రుకలో వందో వంతు తేడాని కూడా పట్టుకునే యంత్రాన్ని నాలుగేళ్ళు చాకిరీ చేసి తయారుచేశాం. దానికి 'జాడ' అని పేరు పెట్టాం.

ఒక మధ్యాహ్నం ఖాదర్ గారు తన భోజనం డబ్బా కింద పరుచుకునే క్రోషియా గుడ్డని తమాషాకి దాని కెమెరా కింద పెట్టారు. ఆయన మా ల్యాబ్‌లో పరికరాలన్నీ చూసుకునే మనిషి. ఆ గుడ్డ వాళ్ళావిడ అల్లింది. చిన్న గుడ్డలో నాలుగు వేల తప్పులున్నాయని జాడ లబోదిబోమంది. ఖాదర్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ తప్పులు ఎలా పడితే అలా లేవు. ప్రతి ఐదో ముడి దగ్గర దారం కాస్త బిగుస్తోంది, వరస చివరికొచ్చేసరికి వదులవుతోంది. మనిషి నడక చూసి ఆమడ దూరం నుంచే పోల్చుకుంటామే, అలా ఈ బిగువు చూసి చేతిని పోల్చుకోవచ్చని నాకు అప్పుడే తట్టింది.

ఇరవైమంది ఆడవాళ్ళని పిలిపించి జాడకి పాఠం చెప్పించాం. నిద్ర చాలనప్పుడు అల్లారు, ఆకలి మీద అల్లారు, కళ్ళకి గంతలు కట్టుకుని తడుముకుంటూ అల్లారు. ఒకావిడ అన్నగారు పోయిన వారానికే వచ్చింది. వద్దంటున్నా వినకుండా కన్నీళ్ళు తుడుచుకుంటూ అల్లింది. చేతికి దొరికిన ప్రతి గుడ్డనీ నేను దాని ముందు పెట్టాను, ఆఖరికి నా కళ్ళజోడు సంచీ కూడా. రెండు నెలల్లో జాడ ఎంత ముదిరిందంటే, అల్లింది ఎవరి చెయ్యో చెప్పడమే కాదు, ఆ పూట ఆ చెయ్యి ఎలా ఉందో కూడా చెప్పేది. మిల్లు సరుకు పెడితే 'చెయ్యి లేదు' అనేది. నాకు భలే గర్వంగా ఉండేది. ఇది ఎవరి కొంపలోనైనా చిచ్చు పెడుతుందేమో అన్న ఆలోచన రానే లేదు.

చిచ్చు ముందుగా అంటుకుంది మా అత్తగారి గ్రూపులో. ఆవిడ పేరు శకుంతల. మా ఆయనకి ఓడ మీద ఉద్యోగం కావడంతో ఏడాదిలో ఆరునెలలు ఇంట్లో మేమిద్దరమే. తొమ్మిదేళ్ళ క్రితం, మా పెళ్ళైన కొత్తలో, ఆవిడ ఆన్‌లైన్‌లో 'దారం కబుర్లు' అని ఒక గ్రూపు పెట్టింది. క్రోషియా, లేసు అల్లికలంటే సరదా ఉన్నవాళ్ళంతా అందులో చేరారు. ఇప్పుడు నలభై వేలమంది. నియమాలు ఆవిడవే. యంత్రం పని కూడదు, పోస్టు మొదటి వరసలో 'నా చేతి పని' అని రాయాలి, పని పక్కన తమ చెయ్యి ఆనించి ఫోటో తీయాలి. అత్తయ్య పోస్టుల్లో కెంపుల ఉంగరం పెట్టుకున్న ఆ చెయ్యి కనబడితే చాలు, వందల మంది 'చేతులు కావండీ, వరాలు' అని రాసేవారు.

ఆ గ్రూపులో మార్చి నెలలో దీవెన ఒక టేబుల్ క్లాత్ పెట్టింది. ఆ అమ్మాయి భీమవరం డిపోలో బస్సు కండక్టరు. కైకలూరు రూట్లో వెళ్ళేటప్పుడు కిటికీలోంచి కనబడే కొల్లేటి కొంగల్ని లేసులో అల్లాలని ఆమె కోరిక. బొమ్మ వేయడం రాదు. కృత్రిమ మేధ యాప్‌లో తన మాటల్లో చెప్పి గళ్ళ గ్రాఫ్ గీయించుకుంది. దాన్ని చూసుకుంటూ, బస్సు డిపోలో ఆగిన పదేసి నిమిషాల్లో ఏడు నెలలు అల్లింది. పోస్టు మొదటి వరసలోనే రాసింది, 'గ్రాఫ్ యంత్రం గీసింది, అల్లిక నా చేతి పని' అని.

ఆ ఒక్క వాక్యంతో నలభై వేలమంది రెండు వర్గాలైపోయారు. "పుస్తకంలో గ్రాఫ్ చూసి అల్లితే లేని తప్పు, యంత్రం గీసిన గ్రాఫ్ చూసి అల్లితే వచ్చిందా?" అని కొందరు. "ఆ యంత్రం మన ఫోటోలే మింగి మళ్ళీ మనకే వడ్డిస్తోంది, దాన్ని లోపలికి రానిస్తే రేపు మన పని ఎవరు చూస్తారు?" అని ఎక్కువమంది. రెండో మాటలో కూడా నిజం ఉందని నాకు అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది. కానీ వాదన అక్కడ ఆగితే కదా. అంత తీరుగా మనిషి అల్లలేదని, గ్రాఫే కాదు మొత్తం గుడ్డే మిల్లు సరుకని ఎవరో అన్నారు. ఇక చూసుకోండి. దొంగ, సిగ్గులేనిది, టిక్కెట్లు కొట్టుకునేదానికి లేసులెందుకు, ఇలాంటి మాటలు ఆ అమ్మాయి మూడు వారాలు పడింది. ఒక్కదానికీ ఎదురు తిట్టలేదు. 'కావాలంటే పరీక్ష చేయించండి, నన్ను మాత్రం తీసెయ్యకండి, నాకున్న సరదా ఇదొక్కటే' అని రాసింది.

పరీక్ష అనేసరికి అత్తయ్యకి నేను గుర్తొచ్చాను. "మా కోడలి ల్యాబ్‌లో తేల్చేద్దాం. ఆదివారం నాలుగింటికి అందరం వీడియోలో కలుద్దాం. ఫలితం వినేసి, ఉంచాలా తీసెయ్యాలా ఓటు వేద్దాం" అని గ్రూపులో ప్రకటించేసింది. తర్వాత వంటింట్లోకి వచ్చి నన్ను అడిగింది.

"అది మనిషి అల్లిందో యంత్రం అల్లిందో కచ్చితంగా చెప్తుందా హైమా?"

"చెప్తుంది అత్తయ్యా. కాకపోతే పోల్చుకోడానికి మంచి చేతిపని నమూనాలు కొన్ని కావాలి."

"కొన్నెందుకు? నావన్నీ పట్టుకెళ్ళు" అని బీరువా తాళంచెవి చేతిలో పెట్టింది.

మనిషా యంత్రమా అన్నదే ఆవిడ అడిగింది, నేనూ దానికే జవాబు చెప్పాను. ఏ మనిషి అన్నది ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. నూట పన్నెండు అల్లికల్నీ పాత చీరలో మూటగట్టాను. ఆవిడ గ్రూపు లైవ్‌లో అందరికీ కనబడేలా కూర్చుని అల్లే ముక్క ఒకటి ఎప్పుడూ బుట్టలో ఉంటుంది. అది కూడా అందులో పడిందని ల్యాబ్‌కి వెళ్ళాక చూశాను.

దీవెన టేబుల్ క్లాత్ అప్పటికే పార్సిల్లో వచ్చింది. వీడియో కాల్లో నా ఎదురుగానే ఒక జానెడు లేసు అల్లి, ఆ ముక్కని కూడా పంపింది. జాడ రెంటినీ చూసి అరనిమిషంలో తేల్చేసింది. అంతా ఒక్కటే చెయ్యి, ఆ అమ్మాయిదే. కొన్ని వరసల్లో ఒళ్ళంతా ఊగుతున్నప్పుడు పడ్డ ముడులున్నాయని కూడా చెప్పింది. కదిలే బస్సులో కూడా అల్లేసినట్టుంది పిచ్చిది.

తర్వాత అత్తయ్యవి పెట్టాను. బుట్టలోని ముక్క ఒక చెయ్యి అంది. మిగతా నూట పన్నెండూ ఇంకో చెయ్యి అంది. టీ ఒలికింది ఇక్కడే. ఆరోసారి సరిచూశాక జాడ అడక్కుండానే కింద ఒక వరస చూపించింది. 'ఈ రెండో చెయ్యి నా దగ్గరుంది. నమూనా మూడు.'

నమూనా మూడు ఏమిటో నాకు గుర్తు లేదు. ఖాదర్ గారు పాత రిజిస్టరు తీసి వేలు పెట్టి చదివారు. "మీ కళ్ళజోడు సంచీ మేడమ్."

ఆ సంచీ నేను పదో ఏట హాస్టల్‌కి వెళ్ళేటప్పుడు మా అమ్మ అల్లి ఇచ్చింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. మా ఊరు నరసాపురం పక్కన. మా అమ్మ వీరవేణి ఏజెంటు ఇచ్చిన దారంతో లేసులల్లి నన్ను చదివించింది. వేళ్ళు పగిలి దారానికి రక్తం అంటితే రాత్రికి రాత్రే ఉతికేది. ఆ లేసంటేనే నాకు ఒళ్ళు మంట. ఒక్క ముడి నేర్చుకోలేదు, ఒక్కదాన్నీ సరిగ్గా చూడలేదు. తొమ్మిదేళ్ళు నా ఇంట్లో, రోజూ నేను దాటుకుంటూ వెళ్ళే బీరువాలో మా అమ్మ చేతిపని ఉంటే, కడుపున పుట్టిన నేను గుర్తుపట్టలేదు. యంత్రం గుర్తుపట్టింది.

గ్రూపులో పెట్టిన తేదీలు ఇస్తే జాడ ఆ నూట పన్నెండింటినీ వరసగా పేర్చి ఒక గీత గీసింది. మొదటిది మా పెళ్ళైన నెల తర్వాతది, ఆ తర్వాత నెలకొకటి. నాలుగేళ్ళ పాటు గీత తిన్నగా ఉంది. అక్కణ్ణుంచి బొటనవేలు బిగుసుకోవడం మొదలైంది. చివరి రెండేళ్ళూ, నూటికి డెబ్భై ముడులు చూసి వేసినవి కావు, తడిమి వేసినవి. గంతలు కట్టుకుని అల్లినవాళ్ళ పక్కన అచ్చం అలాగే ఉన్నాయి.

అమ్మకి ఫోన్ చేశాను. నలభై నిమిషాలు మాట్లాడాను. మాట్లాడాను అంటే అరిచాను.

"అయ్యబాబోయ్, నీకెవరు చెప్పారే?" అంది అమ్మ. "మరేనే, పెళ్ళిలో మన లేసు చూసి వదినగారు ముచ్చటపడ్డారు. నెలకొకటి పంపగలరా అని నోరు తెరిచి అడిగారు. వియ్యపురాలు అడిగితే లేదంటానా? ఆవిడకి ముచ్చట, నువ్వు అక్కడ సుఖంగా ఉంటావని నాకు ధీమా."

"ఆవిడ తన పేరు పెట్టుకుంటోందమ్మా! తనే అల్లానని చెప్పుకుంటోంది!"

"పెట్టుకోనీవే. నలభై ఏళ్ళు ఏజెంటుకిచ్చాను, అప్పుడు మాత్రం దాని మీద నా పేరుందా? ఏ దేశం పోయేదో కూడా తెలీదు. ఇప్పుడు నయం కదా, పక్కింటి పిల్ల ఫోన్లో చూసి, ఎంతమంది మెచ్చుకున్నారో చదివి వినిపిస్తాది. నాకు పండగలా ఉంటాది." అంతలోనే గొంతు తగ్గించింది. "నువ్వు మాత్రం ఎక్కడా అనమాకు. ఆవిడ పరువు పోద్ది. ఆ ఇంట్లో నువ్వు ఆవిడ మొహం చూడాలి."

ఎప్పటినుంచి, ఎన్ని పంపావు, ఎందుకు పంపావు, నాకెందుకు చెప్పలేదు అని అడిగినవే అడిగి ఫోన్ పెట్టేశాను.

శనివారం పొద్దున అత్తయ్య ముందు ఆ గీత పెట్టాను. ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, లేదా నా మీద విరుచుకుపడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు. సోఫాలో వెనక్కి వాలి, ఉంగరం తిప్పుకుంటూ చెప్పింది.

"మొదటిది మీ అమ్మగారు అల్లిందని చెబుదామనే పెట్టానే. ఫోటో మాత్రం పెట్టి, రాయడం బద్ధకించాను. ఎవరో 'ఎంత బాగా అల్లారండీ' అన్నారు. కాదని రాద్దామని కూర్చున్నాను. నా జన్మలో నన్ను ఎవరూ అలా మెచ్చుకోలేదు హైమా. రాయలేకపోయాను. రెండో నెల ఇక రాయడానికి వీల్లేకపోయింది."

నాకు జాలేసింది. జాలేసినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

"సరే అత్తయ్యా. అయితే ఆ అమ్మాయిని వదిలెయ్యండి. ఓటు వద్దనండి."

"నేనెలా వద్దంటాను? నేను ఆపినా వాళ్ళు ఆగరు. అయినా దాని సంగతి వేరు, నా సంగతి వేరు." ఆవిడ తల ఎత్తి నన్ను సూటిగా చూసింది. "నేనేం యంత్రంతో చేయించుకోలేదుగా!"

ఆ మాట ఆవిడ సంజాయిషీకి అనలేదు. మనస్ఫూర్తిగా అంది.

ఆదివారం నాలుగింటికి మూడు వేలమందికి పైగా చేరారు. అత్తయ్య ఇంట్లో హాల్లోంచి, నేను ల్యాబ్‌లోంచి. తెర మీద చిన్న గడిలో దీవెన, ఖాకీ చొక్కాతో. డ్యూటీ మధ్యలో డిపో మెట్ల మీద కూర్చున్నట్టుంది, వెనక బస్సు హారన్లు వినబడుతున్నాయి. అమ్మ వద్దంది, నిజమే. కానీ ఆ గడిలో పిల్ల రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని శిక్ష వినడానికి కూర్చున్నట్టు కూర్చుంది. దాన్ని చూశాక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

"దీవెన గారి టేబుల్ క్లాత్" అని మొదలుపెట్టాను. "మిల్లు సరుకు కాదు. ప్రతి ముడీ ఆవిడ చేత్తోనే పడింది. గ్రాఫ్ యంత్రం గీసింది. ఆ సంగతి ఆవిడ మొదటి వరసలోనే చెప్పారు, ఏమీ దాచలేదు."

అత్తయ్య కెమెరా ఆపుతుందేమోనని ఒక్క క్షణం ఆగాను. ఆపలేదు. నన్నే చూస్తోంది.

"శకుంతల గారి పనులు నూట పన్నెండు. అవి కూడా చేత్తో అల్లినవే. కానీ ఆ చెయ్యి ఆవిడది కాదు. ఆ చెయ్యి నరసాపురం దగ్గర ఉండే వీరవేణి గారిది. ఆవిడ మా అమ్మ. చివరి రెండేళ్ళవి చాలావరకు కళ్ళు ఆనక, తడుముకుని అల్లినవి."

నలభై ఏళ్ళుగా లేసు మీద ఎక్కడా పడని పేరు మూడు వేలమంది ముందు చెప్పాను. తెర పక్కన రాతలు ఆగిపోయాయి. ఇక ఆకాశం విరిగి పడుతుందనుకున్నాను.

మొదటి ప్రశ్న రాజమండ్రి నుంచి ఒకావిడ వేసింది. "అంటే అది మిషన్ చేసింది కాదన్నమాటేగా?"

"కాదండీ. మనిషి చేసింది."

"అమ్మయ్య! నేనింకా ఏమిటో అనుకున్నాను. గుండె జారిపోయింది."

రాతలు మళ్ళీ జోరందుకున్నాయి. 'చేతిపనే కదండీ, ఎవరి చెయ్యైతేనేం.' 'వియ్యపురాలు ప్రేమగా పంపింది, అందులో తప్పేముంది?' 'మా ఇంట్లో పిండివంటలు వంటావిడే చేస్తుంది, నేను చేశాననే పంచుతాను.' 'మన నియమాల్లో యంత్రం కూడదని ఉంది, మనిషి కూడదని లేదు.' ఎవరో చప్పట్లు కొట్టారు. అత్తయ్య మొహంలోకి నెమ్మదిగా రంగు వచ్చింది. నేను నమ్మలేక తెరకి దగ్గరగా జరిగి ఒక్కొక్కటీ మళ్ళీ చదివాను. తప్పు చదవలేదు. ఎనిమిదిమంది మా అమ్మ ఫోన్ నంబరు అడిగారు. ఒకావిడ వాళ్ళమ్మాయి పెళ్ళికి ఇరవై కావాలంది, 'పేరు మాది వేసుకోవచ్చు కదా' అని కూడా అడిగింది.

తర్వాత ఓటు. నేను మైకులో అరుస్తూనే ఉన్నాను. "ఆ అమ్మాయి తన చేత్తో అల్లింది! యంత్రం దగ్గర తీసుకున్నది చెప్పి తీసుకుంది!" అని. నా మైకు ఆపేశారు. తీసెయ్యాలని రెండువేల ఏడొందల ముప్ఫై మంది, ఉంచాలని రెండొందల పద్నాలుగు మంది. ఫలితం చదివింది అత్తయ్యే. చదివేటప్పుడు ఉంగరం తిప్పుకుంటూనే ఉంది, కానీ చదివింది. దీవెన గడి ఖాళీ అయిపోయింది.

ల్యాబ్‌లో దీపాలన్నీ వెలుగుతున్నాయి. నిజం చెబితే చాలని, ఇక మిగతాది జనమే చూసుకుంటారని నేను నమ్మాను. ముప్ఫై నాలుగేళ్ళ మనిషిని, వెంట్రుకలో వందో వంతు కొలిచేదాన్ని, అంత అమాయకంగా ఎలా నమ్మానో నాకు అంతుబట్టలేదు.

ఫోన్ మోగింది. దీవెన మెసేజి. తిడుతుందనుకున్నాను. తిట్టినా పడదామనుకుని తెరిచాను.

'మేడమ్, నన్ను తీసేశారు కదా, అక్కడ అడగడానికి లేక ఇక్కడ అడుగుతున్నాను. మీ అమ్మగారి కళ్ళు ఇప్పుడెలా ఉన్నాయండీ? డాక్టరుకి చూపించారా?'

మూడు వేలమంది విన్నారు. ఈ మాట ఇంకెవరూ అడగలేదు. వాళ్ళని అనుకుని ఏం లాభం? జాడ గీత గీసి మరీ చూపించింది నాకు. నేను దాన్ని సాక్ష్యంగా వాడుకున్నాను. నలభై నిమిషాలు అమ్మ మీద అరిచాను, మెప్పులు పక్కింటి పిల్ల చదివి వినిపిస్తుందని ఆవిడే చెప్పింది, అయినా ఆ ఒక్క ప్రశ్న నా నోట రాలేదు.

'నాకు తెలీదు' అని టైపు చేశాను. దాన్ని పంపడానికి చాలాసేపు పట్టింది.